తాడు కట్టే ముందు చదవవలసిన నవల

క్యెంగో కడుపుమంట అంతా ముల్వా మీదే. ఆ ముల్వా నాలుగేళ్ళ కిందట యూరప్ కొండలు చూసి రాకుండా ఉంటే, కెన్యాలో లుకెన్యా బండల మీద జనం ఇప్పటికీ అక్షరమ్ముక్క జోలికి పోకుండా హాయిగా ఎక్కుతూ దిగుతూ ఉండేవాళ్ళు.

అంతకు ముందు ఆదివారాలు ఎంత బాగుండేవి! మొంబాసా రోడ్డు మీద మటాటు బస్సు దిగి, సిమెంటు దుమ్ములో నడిచి, గుట్టెక్కి, చేతులకి సుద్దపొడి రాసుకుని బండకి అతుక్కునేవాళ్ళు. ఎవడి వేలికొన తోలు ఊడింది, ఎవడి రొట్టె కోతి ఎత్తుకుపోయింది, సాయంత్రం కాల్చిన మేకమాంసం ఎక్కడ తినాలి... మాటలంటే ఇవే.

ముల్వా తిరిగొచ్చి క్లబ్బు సెక్రటరీ అయ్యాడు. అక్కడి వాళ్ళు డేరాల్లో పడుకుని నవలలు చదువుతారట. ఒకరికొకరు చెప్పుకుంటారట. "చదవనివాడి చేతిలో తాడెలా పెడతాం?" అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో ఎవరికీ తెలియలేదు కనక అందరూ తలలూపారు. క్యెంగో కూడా ఊపాడు. ఊపకపోతే ఆ వేళ అతనికి కింద నిలబడి తాడు పట్టేవాడు దొరకడు.

అలా వచ్చింది రూలు. తాడు కట్టుకునే ఇద్దరూ ముడి వేసుకునే ముందు ఒకరికొకరు ఒక పుస్తకం సిఫారసు చేసుకోవాలి. సిఫారసు చెయ్యాలని రూలు ఉంది. చదవాలని లేదు.

క్లబ్బు గుడిసెలో రేకు పెట్టె ఒకటుంది. అందులో ఉన్న ఒకే ఒక్క నవల 'గాలి వైపు గోడ'. ఎవరో స్కాట్లండ్ పెద్దావిడ రాసింది. కాబట్టి నాలుగేళ్ళుగా అందరూ అందరికీ దాన్నే సిఫారసు చేస్తున్నారు.

చదవలేదన్న సంగతి బయటపడకుండా ఇంకో ఏర్పాటు కూడా ముల్వా చలవే. బండ ఎక్కేవాడికి ముందే ఎవరైనా పట్టు ఎక్కడుందో చెప్పేస్తే ఆ ఎక్కుడు మైలపడ్డట్టే కదా, పుస్తకానికీ అంతే అన్నాడు. చివరి పేజీ ముందు చూస్తే, పైనుంచి తాడు వేలాడదీసుకుని ఎక్కినట్టు లెక్క. పేజీలు దాటేస్తే, బండలో కొట్టిన మేకు పట్టుకుని పైకి లాక్కున్నట్టు. ఎదుటివాడికి కథ చెబితే అంతకన్నా పాపం లేదు. ఇక ఎవరైనా నోరు విప్పబోతే చాలు, "చెప్పకు, చెప్పకు! నేనింకా శుభ్రంగా చదవాలి" అని చెవులు మూసుకునేవాళ్ళు. ఇంత గొప్పగా కాపాడిన రహస్యం ప్రభుత్వాల దగ్గర కూడా ఉండదు.

ఒక్క ముగింపు గురించి మాత్రం మాట్లాడొచ్చు. అదీ మాటల్లో కాదు. కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, "ఆ ముగింపు..." అని ఆపెయ్యాలి. ముల్వా అలాగే చేసేవాడు. మిగతావాళ్ళు అతన్ని చూసి నేర్చుకున్నారు.

*

వవీన్య వచ్చిన ఆదివారం క్యెంగో ఒంటరిగా ఉన్నాడు. అతనితో తాడు కట్టే జోడీకి పెళ్ళయి, ఆదివారాలు అత్తవారింటికి అంకితమైపోయాయి.

గుడిసె ముందు కమేనె అక్క టీ కాస్తోంది, నూనెలో మండాజీ బూరెలు వేస్తోంది. ఆమె పక్కన ఒకమ్మాయి నిలబడి ఉంది. వెలిసిపోయిన ఎర్ర జర్కిన్, చేతులు మోచేతి దాకా మడిచినా ఇంకా వదులే. జుట్టు బిగించి అల్లిన జడలు. చేతులు చూస్తే చాలు, బండ తెలిసిన చేతులు.

క్యెంగో మటాటు బళ్ళకి బొమ్మలు వేస్తాడు. మంచి రంగు కంటపడితే అతని కాళ్ళు వాటంతట అవే అటు నడుస్తాయి.

"కొత్తా?" అన్నాడు.

"కొండకి పాతే. మీ క్లబ్బుకి కొత్త."

"నాతో కడతావా తాడు?"

"కట్టొచ్చు. ముందు పుస్తకం చెప్పు. మీ రూలట కదా."

"'గాలి వైపు గోడ'."

ఆమె కళ్ళు మెరిశాయి. "చదివావా?"

"భలేదానివే! రెండుసార్లు."

"ముగింపు ఎలా ఉంది?"

క్యెంగో కళ్ళు మూసుకున్నాడు, గడ్డం పైకెత్తాడు. అంతటితో ఆగితే బతికిపోయేవాడు. ఎదురుగా ఉన్నది అందమైన అమ్మాయి కనక ఇంకో మెట్టు ఎక్కాడు. "ఏడ్చేశాను."

"ఎక్కడ?"

"మా షెడ్డులో."

"షెడ్డులో కాదయ్యా, పుస్తకంలో ఎక్కడ?"

"చివర."

"చివరంటే?"

"చివరంటే చివరే. ఇంకా అడక్కు, నీకు చెడిపోతుంది."

"చెడితే చెడిందిలే. ఎవరు పోయారని ఏడ్చావు? ఆవిడా, ఆయనా?"

క్యెంగోకి చెమటలు పట్టాయి. బండకి వేళ్ళాడుతూ ఉంటే ఎప్పుడూ పట్టలేదు. "కళ్ళలో నీళ్ళు కదా," అన్నాడు, "అక్షరాలు సరిగా కనపడలేదు."

కమేనె అక్క నోట్లో టీ బయటికొచ్చింది.

వవీన్య నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "అయితే కళ్ళు తుడుచుకుని ఇంకోసారి చదువు. అప్పుడు కడదాం తాడు," అని బండల వైపు వెళ్ళిపోయింది. అక్కడ ముల్వా అప్పటికే ముడి వేసుకుంటూ ఉన్నాడు.

"జర్కిన్ బాగుందే," ముల్వా అనడం వినిపించింది. "అచ్చం ఇలాంటిదే నాకూ ఉండేది. మంచి సరుకు."

"అవునా?" అంది వవీన్య. "ముగింపు ఎలా ఉంది, 'గాలి వైపు గోడ'ది?"

ముల్వా కళ్ళు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం తెలిసింది. ఈస్టర్ సెలవులకి కెన్యా కొండ మీదికి ఇద్దరిద్దరుగా వెళుతున్నారు. ముల్వా తనకి జోడీగా వవీన్యని పిలిచాడు. ఆమె ఇంకా అవుననలేదు. ఈస్టర్‌కి ముందు ఆదివారం చెబుతానంది.

"ఒకే తాడు మీద అన్ని రోజులు పైన ఉంటే, దిగేసరికి పెళ్ళి మాటలే," అంది కమేనె అక్క, అడగకుండానే. "నీ పాత జోడీకి ఒకమ్మాయితో అలాగే అయింది."

అందరూ వెళ్ళాక క్యెంగో రేకు పెట్టె తెరిచి పుస్తకం చొక్కాలో దోపుకున్నాడు. ఎవరూ అడగలేదు. ఆ పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్ళేవాడు ఉంటాడని ఎవరికీ తట్టలేదు.

*

క్యెంగో బడి మధ్యలో మానేసినవాడు. ఇంగ్లీషు అతనికి కొత్త బండ లాంటిది, ఒక్కో మాటా తడిమి, కాలు ఆనించి, బరువు వేసి చూసుకోవాలి. పొద్దున బస్సు మీద సింహం కోరలు దిద్దేవాడు, మధ్యాహ్నం రంగు ఆరేలోగా నాలుగు పేజీలు ఎక్కేవాడు. మొదట్లో పరీక్షకి చదివినట్టు చదివాడు. తర్వాత తర్వాత, రంగు ఆరినా లేవడం మానేశాడు.

కథలో ఒక భార్య, ఒక భర్త. ఇరవై ఏళ్ళుగా ఒకే తాడు మీద ఎక్కుతున్నారు. ఇంట్లో మాటల్లేవు. పైన మాత్రం తాడు కదలికతో ఒకరి మనసు ఒకరికి తెలుస్తుంది. ఆఖరి ఎక్కుడు. ఆవిడ ముందు వెళుతుంది. ఆయన కింద పట్టుకుని ఉన్నాడు. మబ్బు కమ్మింది. వదిలేసి వెళ్ళిపోదామని ఆవిడ నిర్ణయించుకుని వచ్చిందని మనకి తెలుసు, ఆయనకి తెలియదు. ఆవిడ పైకి చేరింది. అంచు మీద నుంచి వంగి, నోరు తెరిచి,

తర్వాత పేజీ లేదు. వెనక అట్ట ఉంది.

క్యెంగో అట్ట తిప్పి చూశాడు. నీడలోంచి ఎండలోకి తెచ్చి చూశాడు. కామా పెట్టి ఉంది. కామా తర్వాత ఎండిన జిగురు, చిరిగిన కాగితం పళ్ళు.

ఆ రోజు సింహానికి కోరలు మూడు వేశాడు. బస్సు యజమాని తిట్టాడు.

*

ఆదివారం గుడిసె దగ్గర టీ తాగుతూ ఉంటే క్యెంగో పుస్తకం ఎత్తి చూపించాడు. "ముల్వా అన్నా, దీనికి చివర లేదు."

అందరూ అతన్ని జాలిగా చూశారు.

"లేకపోవడమే చివర, తమ్ముడూ," అన్నాడు ముల్వా.

"కామా ఉంది."

"ఆ! కామా!" ముల్వా గ్లాసు కింద పెట్టాడు. నాలుగేళ్ళలో ఆ కామాని అతను చూడటం అదే మొదటిసారని ముఖం చెబుతూనే ఉంది, కాని నోరు ఆగదుగా. "జీవితంలో ఫుల్‌స్టాప్ ఎక్కడుంది చెప్పు? నోరు తెరిచింది. ఏమంది? కొండ అంది. గాలి అంది. మౌనం అంది. అది నీకు వినపడకపోతే తప్పు పుస్తకానిది కాదు."

"నేనైతే ఆ కామా దగ్గర గంటసేపు కూచుండిపోయాను," అన్నాడొకడు.

"నాకు ఆ కామాయే ఎక్కువ అనిపించింది," అన్నాడు ఇంకొకడు. అతను కిందటి వారం దాకా ఆ పుస్తకం ఎత్తైన గోడలు కట్టడం గురించి అనుకునేవాడు.

"కాగితం చింపినట్టుంది అన్నా. ఇదిగో, పళ్ళు."

"అది కళ, తమ్ముడూ. మనం పళ్ళు తోముకునే బ్రష్ కాడ ఎందుకు కోసేస్తాం? బరువు తగ్గాలని. ఆవిడ అర్థాన్ని కోసేసింది."

నవ్వులు. క్యెంగో చెవులు కాలాయి. వవీన్య గుంపు అవతల కూచుని మండాజీ తుంచుకుంటోంది. నవ్వలేదు. అతన్నే చూస్తోంది, కొత్త గోడని కింద నుంచి చూసినట్టు, పట్టు ఎక్కడుందా అని.

"నాలుగు వారాలుగా పెట్టెలో పుస్తకం లేదు," అంది, "నీ దగ్గరా ఉంది?"

"నా దగ్గరే."

"సరే, పద. తాడు కడదాం."

ముల్వా ముఖం చూడాలి అప్పుడు.

*

సగం ఎక్కారో లేదో వాన పట్టుకుంది. లుకెన్యా వాన చెప్పి రాదు. అథీ మైదానం మీద మంద తోలుకొచ్చినట్టు వస్తుంది. కిందున్న జీబ్రాలు కూడా తలలు దించుకుని నిలబడ్డాయి. ఇద్దరూ ఒక చూరు బండ కిందికి దూరారు. కూచోవడానికి ఒకరికి సరిపడా చోటుంది. ఇద్దరు కూచున్నారు.

"ఇప్పుడు చెప్పు," అంది వవీన్య. "ఎక్కడ ఏడ్చావు?"

పారిపోవడానికి దారి లేదు. నడుముకి తాడుంది, తాడు ఆ చివర ఆమె ఉంది.

"ఏడవలేదు. అప్పటికి చదవనే లేదు."

"తెలుసు."

"తెలిసీ అన్ని ప్రశ్నలు వేశావా?"

"ఎంత దూరం ఎక్కుతావో చూద్దామని. బాగానే ఎక్కావు. 'అక్షరాలు కనపడలేదు' దగ్గర పడ్డావు."

"తర్వాత చదివాను. ఒట్టు. చివర దాకా... అంటే, ఉన్నంత వరకు." అతను తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నాకు ఆ మౌనం అదీ వినపడలేదు. నోరు తెరిచిన మనిషి ఏదో అంటుంది కదా! ఏమందో తెలియక వారం నుంచి నాకు నిద్ర లేదు. వదిలేస్తానందా? నువ్వే చెప్పు, ఆయన అంతసేపు వానలో తాడు పట్టుకుని ఉన్నాడు. అలాంటివాణ్ణి వదిలేస్తారా ఎవరైనా?"

వవీన్య జర్కిన్ లోపలి జేబు జిప్పు లాగింది. ప్లాస్టిక్ సంచీలో మడిచిన కాగితాలు తీసింది. ప్రతి పేజీ నెత్తినా చిన్న అక్షరాలతో పేరు ఉంది: గాలి వైపు గోడ.

క్యెంగో వంగి ఆ పేరు మళ్ళీ చదివాడు.

"గికోంబా సంతలో పాతబట్టల కుప్పలో కొన్నాను ఈ జర్కిన్. జేబులో ఇవి ఉన్నాయి. నా దగ్గర చివరుంది, మొదలు లేదు. వీళ్ళెవరో ఆ మొగుడూ పెళ్ళాలు, ఎందుకు పోట్లాడుకున్నారో, ఆవిడ ఏం దాచుకుని పైకెక్కిందో నాకు తెలియదు. మీ క్లబ్బు వాళ్ళంతా ఊరూరా ఈ పేరే చెబుతున్నారని విని వచ్చాను. వస్తే ఏముంది! అందరూ కళ్ళు మూసుకుంటున్నారు."

"జర్కిన్ ఎవరిదో?"

ఆమె కాలర్ తిరగేసి చూపించింది. పడితే ఆసుపత్రిలో పనికొస్తుందని ఎక్కేవాళ్ళు రాసుకున్నట్టే చెరగని సిరాతో రాసి ఉంది. పేరు ముల్వా. రక్తం ఓ పాజిటివ్.

క్యెంగో నవ్వు ఆపుకోలేకపోయాడు. వాన చప్పుడు మించిపోయింది ఆ నవ్వు. "తెలిసి కూడా ఇన్నాళ్ళూ అతనితో ఎక్కావా?"

"తాడు బాగా పడతాడు మరి. పుస్తకం సంగతి వేరు."

"అతనితో కెన్యా కొండకి వెళతావా?"

"ముందు చదవనీ," అంది. "నువ్వు మొదలు చెప్పు. నేను చివర చదువుతాను."

"కథ చెప్పకూడదు. నీకు చెడిపోతుంది."

"నన్ను చెడగొట్టు," అంది, తర్వాత తనే సిగ్గుపడి వాన వైపు తిరిగింది.

అతను చెప్పాడు. తాడు కదలికల గురించి చెప్పేటప్పుడు మాటలు చాలక, ఇద్దరి మధ్య ఉన్న తాడునే మెల్లిగా లాగి చూపించాడు. ఆమె కూడా తిరిగి లాగింది. అలా లాగడం కథలో ఎన్నిసార్లుందో కాని, ఇక్కడ అంతకన్నా ఎక్కువే అయింది. చెప్పి చెప్పి కామా దగ్గరికి వచ్చి ఆగాడు.

వవీన్య మొదటి కాగితం విప్పి చదివింది:

"'కాస్త వదులు చెయ్యి. ఎంత గట్టిగా పట్టుకుంటావయ్యా, ఊపిరాడటం లేదు,' అంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అంతేనా?" అన్నాడు క్యెంగో.

"ఆయన వదులు చేస్తాడు. ఆవిడ దిగి వస్తుంది. ఇంటికెళ్ళి బంగాళాదుంపలు ఉడకేసుకుని తింటారు. ఇదంతా ఇరవై పేజీలు. మొదలు తెలియక నాకిది వంటల పుస్తకం అనిపించేది." ఆమె కాగితాలు మోకాళ్ళ మీద పెట్టుకుంది. "ఇప్పుడు అర్థమైంది. వదులు చెయ్యమంది కాని, వదిలెయ్యమనలేదు."

క్యెంగో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎక్కడ ఏడ్చావు?" అంది వవీన్య.

"చివర."

"ఈస్టర్‌కి నాతో వస్తావా, నీకేమైనా పనులున్నాయా?"

"ఒక సింహానికి కోర చెరపాలి. తర్వాత ఖాళీయే."

*

ముల్వా కాగితాలు చూడగానే గుర్తుపట్టాడు. దాచుకోవాలన్న సిగ్గు కూడా లేదు మహానుభావుడికి.

"ఓ, ఇవా! అప్పుడు కెన్యా కొండకి వెళుతూ పుస్తకం మొత్తం ఎందుకు మొయ్యాలని చివర్లో కాస్త చింపి జేబులో పెట్టుకున్నాను. పైన మంచు పడింది, దిగొచ్చేశాం. కొత్త జర్కిన్ కొన్నాక పాతది చర్చివాళ్ళ దానానికి ఇచ్చేశాను."

"అంటే చదవలేదా?" అంది కమేనె అక్క.

"చదవడం కాదక్కా ముఖ్యం. మొయ్యడం."

వవీన్య ఆ ఇరవై పేజీలూ అందరి ముందూ పైకి చదివింది. చదవడం అయ్యాక ఎవరూ కళ్ళు మూసుకోలేదు. ముఖాలు వేలాడేశారు. బంగాళాదుంపలేమిటి? ఉడకెయ్యడమేమిటి? మౌనం ఏమైంది, గాలి ఏమైంది?

"ఇది పుస్తకాన్ని పాడు చేస్తోంది," అన్నాడు ముల్వా. క్లబ్బు చేతులెత్తి తీర్మానించింది. చిరిగిన ప్రతియే అసలైనది, చివరి పేజీలు అతికించరాదు, బరువు పెరుగుతుంది. వ్యతిరేకంగా రెండు చేతులు లేచాయి. ఆ రెండూ ఒకే తాడుకి కట్టుకున్న చేతులు. ఆ ఇరవై పేజీలూ వాళ్ళకే మిగిలాయి.

కెన్యా కొండ మీద ఈసారి మంచు పడలేదు. దిగేసరికి కమేనె అక్క చెప్పిందే అయింది.

*

వవీన్య నాయనమ్మ కంగుండోలో ఉంటుంది. ఆ ఇంట్లో మాట ఆవిడదే. క్యెంగో మంచి చొక్కా వేసుకుని వెళ్ళాడు. పెద్దమనిషిగా మాట్లాడటానికి ఎవరో ఒకరు వెంట ఉండాలి కదా, క్లబ్బులో మాటకారి ముల్వాయే కనక అతన్నే తీసుకెళ్ళాడు. బుద్ధి తక్కువ.

"ఏం పని చేస్తావు బాబూ?" అంది ముసలావిడ.

"బళ్ళకి బొమ్మలు వేస్తాను, సూసు," అన్నాడు. నాయనమ్మని అక్కడ అలాగే పిలుస్తారు.

"ఆదివారం?"

"బండలెక్కుతాను."

"పైన ఏముంది?"

"ఏమీ లేదు."

"మరెందుకు?"

క్యెంగో తడబడితే ముల్వా అందుకున్నాడు. "అమ్మా, అది ఒక సంస్కారం. మేం ఎక్కే ముందు పుస్తకాలు చదువుతాం."

ముసలావిడ దొడ్డి వైపు చూసింది. "మా మేకలు రోజూ ఎక్కుతాయి. అవి ఏ పుస్తకం చదివి ఎక్కుతున్నాయి నాయనా?"

వవీన్య చీర చెంగు... అనబోయి నేను నాలిక కరుచుకోవాలి, అక్కడ కట్టేది లేసూ, అందుకని ఆ లేసూ చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది.

పిల్లవాడు నచ్చాడంది ముసలావిడ. ఇక పిల్లని అడగడానికి ఆనవాయితీగా ఇవ్వాల్సిన మూడు మేకలు. క్యెంగో తన తల్లి మందలోంచి రెండు తోలుకొచ్చాడు, మూడోది తర్వాత ఇస్తానని చెప్పుకుందామని. ముసలావిడ లేచి మేకల చుట్టూ తిరిగింది. ఒకదాని పొట్ట నిమిరింది. ముఖం విప్పారింది.

"ఇది చూడిది. లోపల ఓ ప్రాణం ఉంది కదా, లెక్క మూడయింది. చాల్లెండి, పిల్లవాణ్ణి ఇబ్బంది పెట్టకండి."

క్యెంగో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వవీన్య తలుపు వెనక నుంచి నవ్వింది.

"అలా ఎలా కుదురుతుందమ్మా?" అన్నాడు ముల్వా, గడ్డం పైకెత్తి. "లోపలున్నది ఎక్కినట్టు కాదు. ఆనవాయితీ అంటే శుభ్రంగా ఉండాలి. మూడూ వాటి కాళ్ళ మీద అవే నడిచి రావాలి."

ముసలావిడ అతని వైపు గౌరవంగా చూసింది. "చదువుకున్నవాడివి నాయనా, నిజమే," అంది.

క్యెంగో వెనక్కి వెళ్ళి మూడోదాన్ని తోలుకొచ్చాడు. ఆ వారమే చూడి మేక ముసలావిడ దొడ్లో ఈనింది, కవలలు. ఆ విధంగా అతనికి పోయినవి, పొట్టలో వెళ్ళినవాటితో కలిపి, సరిగ్గా అయిదు మేకలు.